యాకోబు పొలం కొన్న ‘నూరు వరహాలు’: కెసీటా అనే మాట ఏ భాషది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆదికాండం 33:19లో యాకోబు షెకెములో హమోరు కొడుకుల దగ్గర పొలం ముక్కను ‘నూరు వరహాలకు’ కొన్నాడని మన పాత తెలుగు బైబిల్లో ఉంది. వరహా అంటే విజయనగరం నాణెం కదా, యాకోబు చేతికి ఎలా వచ్చింది? మూలంలో ‘కెసీటా’ అని ఉందట, అది సుమేరియన్ మాట అని ఒక వీడియోలో, కాదు మన ‘కాసు’ అదే అని ఇంకో వీడియోలో చెప్పారు. ఏది నిజం?

రెండూ నిలబడవు. ఎందుకు నిలబడవో ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే రేపు మూడో వీడియో చూసి మళ్లీ ఇదే ప్రశ్న వేస్తారు కాబట్టి కొంచెం ఓపికగా చదవండి. నేను చాలా ఏళ్లుగా హీబ్రూ పాఠాలు చెబుతున్నాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ వచనం దగ్గర ఆగిపోతారు.

ముందు వరహా సంగతి. అది అనువాదకుల పని. 19వ శతాబ్దంలో బైబిల్ తెలుగు చేసినవాళ్ల ముందు కెసీటా అనే మాట ఉంది, దాని విలువ ఎవరికీ తెలియదు, ఊళ్లో జనానికి పాతకాలపు డబ్బు అనగానే మనసులో మెదిలేది వరహా. మద్రాసు ప్రెసిడెన్సీలో 1818లో వరహా పోయి రూపాయి లెక్క వచ్చినా, మాట మాత్రం జనం నోట అలాగే ఉండిపోయింది. వాళ్లు ఆ మాటే వేశారు. తమాషా ఏమిటంటే వరహా అన్న పేరు నాణెం మీది వరాహం బొమ్మ నుంచి వచ్చింది, అంటే పంది. లేవీయకాండం 11లో పంది అపవిత్రం. యాకోబు చేతిలో నూరు పంది నాణేలు పెట్టామని ఆ అనువాదకులకు తట్టిందో లేదో గానీ, క్లాసులో ఇది చెబితే నవ్వని బ్యాచ్ లేదు.

ఇప్పుడు మూలం. హీబ్రూ బైబిల్ మొత్తంలో కెసీటా వచ్చేది మూడే మూడు చోట్ల. ఒకటి ఈ ఆదికాండం 33:19. రెండోది యెహోషువ 24:32, అక్కడ యోసేపు ఎముకలను పాతిపెట్టింది ఇదే పొలంలో, కాబట్టి అది పాత వాక్యాన్ని తిరిగి చెప్పడమే. మూడోది యోబు 42:11. కష్టాలు తీరాక చుట్టాలు, తెలిసినవాళ్లు వచ్చి తలా ఒక కెసీటా, తలా ఒక బంగారు నగ ఇచ్చారు. అంతే, ఇంకెక్కడా లేదు. మూడూ పితరుల కాలపు కథలే, లేదా ఆ కాలపు వాతావరణం ఉన్న కథలే. రాజుల గ్రంథాల్లో లేదు, ప్రవక్తల దగ్గర లేదు, దేవాలయం లెక్కల్లో లేదు. అంటే వాడుకలోంచి ఎప్పుడో జారిపోయి, పాత కథలో మాత్రం ఇరుక్కుపోయిన మాట. మన సామెతల్లో గవ్వ, దమ్మిడీ మిగిలిపోయినట్టే.

ఇక్కడే ఒక అపోహ తీసేయాలి. యాకోబు కాలంలో నాణేలే లేవు. ముద్ర వేసిన నాణెం మొదలైంది క్రీ.పూ. 7వ శతాబ్దం ప్రాంతంలో, ఇప్పటి టర్కీ పడమటి వైపున్న లిడియాలో. అంతకుముందు డబ్బు అంటే తూచి ఇచ్చే వెండి. అబ్రాహాము మక్పేలా గుహ కొన్నప్పుడు 400 షెకెళ్ల వెండి ‘తూచాడు’ అని ఆదికాండం 23:16లో ఉంది. అక్కడ ‘తూచాడు’ అన్న క్రియ, ‘షెకెల్’ అన్న నామం రెండూ ఒకే ధాతువు, ష-క-ల. మన అనువాదకులు షెకెల్‌కి ‘తులము’ అని వేశారు చూడండి, నా దృష్టిలో తెలుగు బైబిల్లో కుదిరిన మాటల్లో అది ఒకటి. తులం కూడా సంస్కృతంలో తూచడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందే, తులాభారంలో ఉన్న తుల అదే. పైగా బరువు కూడా దగ్గర దగ్గరే: యూదయలో తవ్వకాల్లో దొరికిన షెకెల్ రాళ్లు సుమారు 11.3 గ్రాములు తూగుతాయి, పాత తులం 11.66 గ్రాములు (ఇప్పుడు బంగారం షాపులో తులం అంటే 10 గ్రాములే లెక్కేస్తున్నారు, అది వేరే గొడవ).

మా అమ్మమ్మ తండ్రి కంసాలి. ఆయన త్రాసు పెట్టె ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, అరచేతిలో పట్టే చెక్కపెట్టె, లోపల రెండు ఇత్తడి పళ్లేలు, గుంటల్లో వరసగా తూకం రాళ్లు, ఒక మూల గుడ్డలో చుట్టిన గురిగింజలు. ద్వితీయోపదేశకాండం 25:13లో ‘నీ సంచిలో వేరువేరు తూనికరాళ్లు ఉండకూడదు’ అన్న మాట చెప్పేటప్పుడు ఆ పెట్టె క్లాసుకి పట్టుకెళ్తాను. హీబ్రూలో కూడా అక్కడ ఉన్న మాట ‘రాయి’ అనే, ‘రాయీ రాయీ, పెద్దదీ చిన్నదీ’ అని. కొనడానికి ఒక రాయి, అమ్మడానికి ఒక రాయి పెట్టుకోకు అని. డబ్బు పేర్లన్నీ ఈ సంచిలోంచి వచ్చినవే. కెసీటాని కూడా అందులోనే వెతకాలి.

సరే, పూర్వీకులు ఏమనుకున్నారో చూద్దాం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో తోరాను (మోషే ఐదు పుస్తకాలను) గ్రీకులోకి మార్చిన యూదు పండితులు ‘నూరు కెసీటా’ని ‘నూరు గొర్రెపిల్లలు’ అని రాశారు. అరామిక్ అనువాదం ఓంకెలోస్‌లో కూడా గొర్రెపిల్లలే. లాటిన్‌లో జెరోమూ అదే. ఎందుకలా? ఒక వాదన ఏమిటంటే గ్రీకులో ‘మినా’ అనే డబ్బు మాటకీ ‘గొర్రెపిల్ల’కీ షష్ఠి బహువచనంలో ఒక్క అచ్చు తేడా, ‘మ్నోన్’, ‘అమ్నోన్’, కాబట్టి రాసేవాడి చెయ్యి జారి మినాలు గొర్రెపిల్లలయ్యాయి అని. వినడానికి ముచ్చటగా ఉంటుంది. నేనూ కొన్నాళ్లు నమ్మాను. కానీ అదే గ్రీకు బైబిల్లో యెహోషువలోనూ యోబులోనూ ఉన్నది ‘అమ్నాస్’ అన్న మాట రూపాలు, అంటే ఆడ గొర్రెపిల్ల. ఆ మాట చెయ్యి జారితే వచ్చేది కాదు. అరామిక్‌ వాళ్లకి గ్రీకు లేఖకుడి చెయ్యి జారడంతో పనేముంది? కాబట్టి గొర్రెపిల్ల అన్న అర్థం ఒక సంప్రదాయంగానే ఉండేది.

ఆ సంప్రదాయం పూర్తిగా వెర్రిదేమీ కాదు. పశువే డబ్బుగా ఉన్న చోట డబ్బుకి పశువు పేరు రావడం మామూలే. లాటిన్‌లో పెకూనియా (డబ్బు) వచ్చింది పెకుస్ (పశువు) నుంచి. మన దగ్గర చూడండి, సొమ్ము అంటే డబ్బు, సొమ్ములు అంటే నగలు, ఉత్తరాంధ్ర పల్లెల్లో సొమ్ములు మేపుకొస్తున్నాడంటే పశువులు. యోబు గ్రంథంలోనైతే చివర ఆయనకి గొర్రెలు వేలల్లో వచ్చాయి కాబట్టి చుట్టాలు తలా ఒక గొర్రెపిల్ల ఇచ్చారనడం కథకి బాగానే అతుకుతుంది. కొందరు ఇంకో మెట్టు ఎక్కి ‘గొర్రె బొమ్మ ముద్రించిన నాణెం’ అంటారు. అది మాత్రం కుదరదు, నాణేలే లేవని పైన చెప్పాను. జంతువు ఆకారంలో చెక్కిన తూకం రాళ్లు మాత్రం నిజంగా ఉండేవి: మెసొపొటేమియాలో తల వెనక్కి తిప్పి పడుకున్న బాతు ఆకారం రాళ్లు బోలెడు దొరికాయి, ఈజిప్టు సమాధుల చిత్రాల్లో బంగారు కడియాలని ఎద్దు తల ఆకారం రాళ్లతో తూచడం కనిపిస్తుంది. అలాంటి గొర్రెపిల్ల రాయి అయితే కావచ్చు.

అయినా నాకు తృప్తి లేదు. కారణం ఏమిటంటే హీబ్రూలో గొర్రెపిల్లకి మంచి మాటలు నాలుగైదు ఉన్నాయి, కెసీటా అనేది ఆ అర్థంలో హీబ్రూలో గానీ దాని చుట్టుపక్కల భాషల్లో గానీ ఎక్కడా కనపడదు. అర్థం తెలియని మాటకి అనువాదకులు సందర్భం చూసి అర్థం పెట్టినట్టుంది. మన వాళ్లు వరహా పెట్టినట్టే.

తల్మూదులో (యూదు రబ్బీల చర్చల పాత సంకలనంలో) ఒక చిన్న సంగతి ఉంది, రోష్ హషానా 26వ పత్రంలో. క్రీ.శ. 2వ శతాబ్దపు రబ్బీ అకీవా ‘నేను ఆఫ్రికీ వెళ్లినప్పుడు అక్కడివాళ్లు మాఅని కెసీటా అనడం విన్నాను’ అంటాడు. మాఅ అంటే చిన్న వెండి నాణెం. ఆ ఆఫ్రికీ ఉత్తర ఆఫ్రికానే అయితే, అక్కడ కార్తేజ్ వాళ్ల ప్యూనిక్ భాష ఇంకా బతికే ఉంది, అది హీబ్రూకి తోబుట్టువు లాంటిది. సొంత ఊళ్లో పోయిన మాట వలస వెళ్లిన చోట మిగలడం భాషల్లో రోజూ జరిగేదే. అందుకే ఈ సాక్ష్యాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను.

కానీ విలువ దగ్గర ఇబ్బంది. అరామిక్ అనువాదాల్లో మాఅ అంటే గెరా, 20 గెరాలు ఒక షెకెల్ (నిర్గమకాండం 30:13). నూరు కెసీటాలు నూరు మాఅలైతే 5 షెకెళ్లు. అబ్రాహాము గుహకీ పొలానికీ ఇచ్చింది 400. అది ఆ గుహ అమ్మిన ఎఫ్రోను పైకి మర్యాదగా మాట్లాడుతూ గుంజుకున్న ధర అనుకుందాం. మరి యిర్మీయా అనాతోతులో పొలం కొన్నది 17 షెకెళ్లకి, అది కూడా ఊరు ముట్టడిలో ఉండి భూమి ధర పడిపోయిన రోజుల్లో. శాంతంగా ఉన్న రోజుల్లో ఊరి ముందున్న పొలం 5 షెకెళ్లా? ఎంత ముక్కో తెలియదు కాబట్టి అసాధ్యం అనను గానీ, ఆ వాక్యం రాసిన ధోరణి చూస్తే ‘నూరు’ అన్నది చెప్పుకోదగ్గ మొత్తంలాగే ఉంది. నాకైతే అకీవా చెప్పిన మాట నిజం, విలువ మాత్రం ఆయన కాలానిది అనిపిస్తుంది. మాట ఒకటే ఉండి విలువ మారిపోవడం డబ్బు పేర్ల విషయంలో ఎప్పుడూ ఉన్నదే. శ్రీనాథుడు ‘దీనార టంకాల’ స్నానం చేయించానని చెప్పుకున్న దీనారం, కొత్త నిబంధనలో కూలివాడికి ఒక రోజు జీతంగా ఇచ్చిన దేనారం, పేరు వరకు ఒకటే లాటిన్ మాట. రోములో అది వెండి, మన దగ్గరికి వచ్చేసరికి బంగారం.

ఇప్పుడు అసలు విషయం, ధాతువు. పాత నిఘంటువులు కొన్ని కెసీటాని అరబ్బీ ‘కిస్త్’తో కలుపుతాయి. కిస్త్ అంటే న్యాయమైన వాటా. మనం నెలనెలా కట్టే కిస్తీ కూడా ఆ మాట వంశమే. త్రాసుకి ఖురాన్‌లో ‘కిస్తాస్’ అన్న మాట ఉంది, 17:35లో, దాన్నీ ఈ గుంపులోకే లాగుతారు. ‘కొలిచి ఇచ్చిన వాటా’, ‘తూచిన ముక్క’ అని అర్థం చెబితే డబ్బు మాటకి సరిగ్గా అతుకుతుంది. అతకడం వరకు సరే. శబ్దం ఒప్పుకోవాలి కదా.

హీబ్రూకీ అరబ్బీకీ మధ్య స-ష అక్షరాలు అడ్డదిడ్డంగా మారతాయి, కానీ లెక్క ప్రకారమే మారతాయి. హీబ్రూ షాలోమ్, అరబ్బీ సలామ్: అటు ష, ఇటు స. ఇది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది దీనికి తిరగబడ్డ జత. హీబ్రూలో ‘సీన్’ అనే ఇంకో అక్షరం ఉంది, దానికి అరబ్బీలో ష వస్తుంది. పదికి హీబ్రూ ఎసెర్, అరబ్బీ అష్ర్. (తెలుగు బైబిల్లో సాతాను, ఉర్దూ మాట్లాడేవాళ్ల నోట షైతాన్, అదీ ఈ ధోరణే.) కెసీటాలో ఉన్నది ఈ సీన్. కాబట్టి లెక్క ప్రకారం అరబ్బీలో దీనికి తోబుట్టువు ‘కషీత’ లాగా ఉండాలి, కిస్త్ లాగా కాదు. పైగా అరబ్బీ కిస్త్‌కి సరిపడే మాట హీబ్రూలో వేరే ఉంది, సామెతలు 22:21లో ‘కోష్ట్’, సత్యం అని అర్థం, అరామిక్‌లో కుష్టా. అక్కడ షీన్ (ష పలికే అక్షరం) ఉంది, సరిగ్గా నప్పుతుంది. ఆ కుర్చీలో ఒకరు కూర్చునే ఉండగా కెసీటాని అక్కడే ఇరికించడం ఎందుకు?

ఒక సందు ఉంది, అది దాచను. సీన్, షీన్ రెండూ హీబ్రూలో ఒకే అక్షరం, పైన చుక్క ఎడమవైపు పెడితే స, కుడివైపు పెడితే ష. ఆ చుక్కలు పెట్టింది మసోరా పండితులు (హీబ్రూ బైబిల్ ఉచ్చారణను గుర్తులతో స్థిరపరచిన యూదు పండితులు), యాకోబు కథ రాసిన వెయ్యేళ్ల పైచిలుకు తర్వాత. వాడుకలో లేని మాట కాబట్టి చుక్క తప్పు వైపు పడి ఉంటే, అసలు మాట కెషీటా అయి ఉంటే, కిస్త్ వాదన బతుకుతుంది. కానీ మూడు చోట్లా చుక్క ఎడమవైపే ఉంది. అకీవా విన్న మాట తల్మూదులో కూడా చుక్క లేని అదే అక్షరంతో రాసి ఉంది, కాబట్టి అది ఎటూ తేల్చదు. చుక్కని మన వాదనకి తగ్గట్టు జరుపుకోవడం మొదలుపెడితే ఇక ఏ మాటైనా ఏ మాటకైనా తోబుట్టువే.

ఇదే కొలబద్ద మీ రెండు వీడియోలకీ పెట్టండి. సుమేరియన్ వాళ్లు వెండి తూకాలకి వాడిన మాటలు మనకి బాగా తెలుసు, మట్టి పలకలు వేలకి వేలు ఉన్నాయి: షెకెల్‌కి ‘గిన్’, మినాకి ‘మన’, తలాంతుకి ‘గున్’. కెసీటా లాంటిది ఆ వరసలో లేదు. మినా మాటకైతే సుమేరు, అక్కదు (రెండూ పాత మెసొపొటేమియావే) దాకా జాడ ఉంది, దాన్ని చూసి అన్నీ అక్కడివే అనేస్తున్నారు.

కాసు సంగతి. కెసీటాలో చివరి ‘ఆ’ స్త్రీలింగ ప్రత్యయం, తీసేస్తే మిగిలే ధాతువు మూడు హల్లులు, క-స-ట. అందులో మొదటిది మామూలు క కాదు, గొంతు లోపలి నుంచి పలికే క. చివరి ట కూడా అలాంటి ఒత్తిన హల్లే. కాసుతో కలిపితే ఆ ట ఎక్కడి నుంచి ఊడిపడిందో చెప్పాలి. చెప్పరు. ద్రావిడ మాట బైబిల్లో ఉండకూడదని నా పట్టుదల కాదు. 1 రాజులు 10:22లో సొలొమోను ఓడలు తెచ్చిన నెమళ్లకి ఉన్న ‘తుక్కీ’ అనే మాట తమిళ ‘తోగై’ నుంచి వచ్చిందని చాలామంది పండితులు ఒప్పుకుంటారు, మన ‘తోక’ కూడా ఆ కుటుంబమే. కానీ అక్కడ ఓడ ఉంది, సరుకు ఉంది, సరుకుతో పాటు పేరు వచ్చింది. షెకెములో పొలం అమ్మకానికి మన కాసు ఏ ఓడ ఎక్కి వెళ్లింది? ఇంకా గెరా అంటే గురిగింజ అని కూడా ఎవరో ఒకరు మొదలుపెడతారు, రెండూ గింజంత తూకాలే కదా అని. దయచేసి ఆ పోస్టు మీరు పెట్టకండి.

మరి ఇది ఎప్పటికీ తేలదా అంటే, తేలిన ఉదాహరణ ఒకటి ఉంది. 1 సమూయేలు 13:21లో ‘పీమ్’ అనే మాట, బైబిల్ మొత్తంలో ఒక్కసారే వస్తుంది. ఇశ్రాయేలీయులకి కమ్మరి లేక నాగళ్లు, గొడ్డళ్లు పదును పెట్టించుకోవడానికి ఫిలిష్తీయుల దగ్గరికి వెళ్లేవాళ్లు, అక్కడ వస్తుంది. అర్థం తెలియక కింగ్ జేమ్స్ అనువాదకులు ‘ఆకురాయి’ అని ఊహించారు, మన పాత తెలుగు బైబిల్లోనూ ఆకురాళ్లే ఉన్నాయి. 20వ శతాబ్దం మొదట్లో పాలస్తీనా తవ్వకాల్లో బొటనవేలి గోరంత గుమ్మటం లాంటి రాళ్లు బయటపడ్డాయి, కొన్నిటి నెత్తిన పాత హీబ్రూ లిపిలో ‘పీమ్’ అని చెక్కి ఉంది. తూచి చూస్తే 7.8 గ్రాముల దగ్గర, అంటే షెకెల్‌లో మూడింట రెండు వంతులు. అప్పటికి అర్థమైంది, అది ఆకురాయి కాదు, పదును పెట్టే కూలి. నాగలి కర్రు ఒకటికి ఒక పీమ్ వెండి గుంజేవాళ్లు. రైతు మీద ఎంత భారమో ఆ రాయి దొరికాకే ఆ వాక్యంలో కనపడింది. వందల ఏళ్ల వ్యాఖ్యానాలన్నీ ఆ చిన్న రాయి ముందు ఓడిపోయాయి.

కెసీటా అని చెక్కిన రాయి ఇంకా బయటపడలేదు. అందుకే ఇవాళ నా లెక్క ఇలా ఉంది: అది వెండి తూకం పేరు, నాణెం కాదు. కనాను ప్రాంతపు పడమటి సెమిటిక్ మాట, అక్కదు వైపు నుంచి గానీ ఇటు నుంచి గానీ వెళ్లింది కాదు. షెకెల్ వచ్చి జనం నోట స్థిరపడ్డాక వెనకబడిపోయింది. అపొస్తలుల కార్యములు 7:16లో స్తెఫను హమోరు కొడుకుల దగ్గర కొన్న భూమి గురించే మాట్లాడుతూ (అక్కడ అబ్రాహాము కొనుగోలుతో కలిసిపోయింది, అది వేరే చర్చ) గ్రీకులో ‘వెండి’ వెల అంటాడు, గొర్రెల ఊసు లేదు. ధాతువు విషయంలో కిస్త్ వాదనకి నూటికి ముప్పై మార్కులు వేస్తాను, గొర్రెపిల్లకి ఇరవై. మిగతావి ఖాళీగా వదిలేస్తాను.

మీరు సండే స్కూల్లో చెబుతారని రాశారు కాబట్టి ఒక్క మాట. పిల్లలకి ‘వరహాలు’ అని చదివి నాణేల మూట బొమ్మ వేసి చూపించకండి. ఒక చిన్న త్రాసు, ఒక పళ్లెంలో రాయి, ఇంకో పళ్లెంలో విరిగిన వెండి ముక్కలు, కడియం తునక, తీగ చుట్ట వేయండి. హమోరు కొడుకులు ముల్లు వంక చూస్తూ నిలబడి ఉంటారు, యాకోబు ఇంకో చిన్న ముక్క తీసి పళ్లెంలో వేస్తాడు.